మూడో అంతస్తు దగ్గర ఆగిన బుట్ట

కిందటి వారం నేను కథ ఆపేసరికి ఒక పుచ్చకాయ రోడ్డు మీద పగిలి ఉంది. పుచ్చకాయదేముంది, కూరలమ్మే మిత్వల్లీ బండి మీద అలాంటివి ఇంకా బోలెడున్నాయి. అసలు సంగతి పైన జరిగింది. ఆరో అంతస్తులో ఉండే పెద్దావిడ, హజ్ చేసొచ్చిన ఫౌకియా హజ్జా ఎప్పటిలాగే బాల్కనీ నుంచి బుట్ట దించింది, అందులో కూరలు, పుచ్చకాయ పెట్టించుకుంది, పైకి లాగుతోంది. ఇంతలో చేతిలో పట్టు తప్పింది. జారిపోతున్న తాడుని అందుకోబోయి ఇనుప కమ్మీల మీంచి సగం దాకా బయటికి వంగిపోయింది. కొడుకు హుస్నీ ఆ పూట ఇంట్లో ఉండబట్టి సరిపోయింది. వెనక నుంచి నడుం పట్టుకుని లాగాడు. ఆ తర్వాత తల్లీకొడుకులిద్దరూ నేల మీద కూలబడ్డారు.

లేచాక హుస్నీ అన్న మొదటి మాట, "ఇల్లు మారిపోదాం."

ఊరి చివర అజమీలో కొత్త ఫ్లాటు చూశాడట. రెండో అంతస్తు, పనిచేసే లిఫ్టు, బాల్కనీ కింద వీధి కాకుండా కార్లు నిలిపే స్థలం. "కార్లతో నేనేం మాట్లాడనురా?" అంది ఫౌకియా. మోకాళ్ళు పట్టేసి ఏళ్ళ తరబడి మెట్లు దిగని మనిషి ఆమె. కొడుకు పగలంతా రేవులో ఓడల్ని లాగే టగ్‌బోటు మీద, కోడలు ఆసుపత్రి డ్యూటీలో. ఆమెకి వీధంటే ఆ బుట్ట, బుట్టంటే వీధి. ఆ తాడు చివరే ఆమె బేరాలు, పరామర్శలు, పెళ్ళి కబుర్లు అన్నీ జరుగుతాయి.

అప్పుడు అడ్డం వచ్చింది హుస్నీ కూతురు దలాల్, నానమ్మని తేతా అంటుంది. "తేతా తాడు లాగక్కర్లేదు. మోటారు లాగుతుంది. మేం మిస్ దగ్గర చేస్తాం," అంది. హుస్నీ నవ్వి, ఆ నవ్వులోనే ఒక మాట జారాడు. "శుక్రవారం నా కళ్ళ ముందు, మీ తేతా వంగకుండా, తాడు ఎవరూ ముట్టుకోకుండా బుట్ట పైకొస్తే ఉందాం. రాకపోతే సామాను సర్దుదాం."

ఆ 'మిస్' నేనే. ముఫీదా అంటారు. ఇదే మేడ కింద, మా నాన్న కుట్టు మిషన్లు బాగుచేసిన కొట్లో, మా వీధి పిల్లలకి యంత్రాలు నేర్పుతాను. నల్లబల్ల మీద బొమ్మ గీసి నేర్పడం కాదు. ప్లాస్టిక్ పట్టీలు, పళ్ళచక్రాలు, కప్పీలు, బొటనవేలంత మోటార్లు ఉన్న పెట్టెలు తెచ్చి ముందు పోస్తాను, కట్టమంటాను. కట్టింది కూలిపోతే ఎందుకు కూలిందో వాళ్ళే చెప్పాలి. నేను చెబితే నాకు నోరు నొప్పి, వాళ్ళకి మర్చిపోవడం తేలిక.

దలాల్ నా దగ్గర చేరినప్పుడు స్క్రూ ఎటు తిప్పితే బిగుస్తుందో తెలియదు. ఇప్పుడు వాళ్ళింట్లో తలుపుల బందులన్నీ ఒకసారి ఊడదీసి చూసేసింది. నాకు పిల్లలు లేరు, కావాలని ఎప్పుడూ అనుకోలేదు కూడా. కానీ ఆ పిల్ల అజమీ వెళ్ళిపోతే పొద్దున్నే కొట్టు తలుపు ఎవరి కోసం తీయాలో నాకు తెలియలేదు. ఈ మాట దానికి చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

* * *

ఆ వారం కొట్లో వేరే పని లేదు. ముందు మోకాలెత్తు నమూనా కట్టమన్నాను, తర్వాతే అసలుది. పెట్టెతో వచ్చిన బొమ్మల పుస్తకంలో అక్షరం ముక్క ఉండదు, వరసగా బొమ్మలే. దలాల్, దాని జోడీ యునాన్ ఇద్దరూ అరబ్బీ బడి పుస్తకంలాగే వరసని కుడి నుంచి ఎడమకి చూసుకుంటూ పోయారు. గీసినవాళ్ళేమో ఎడమ నుంచి కుడికి అనుకుని గీశారు. చివర బిగించాల్సింది మొదట బిగించి మోటారుని బోర్లా కూర్చోబెట్టారు. పైకి అని రాసిన మీట నొక్కితే, బుట్టకి బదులు తాడుకి కట్టిన ఉల్లిపాయ కిందికి పోయింది.

"మీట మీద రాసింది మార్చేద్దాం మిస్, అదే తేలిక," అన్నాడు యునాన్.

"నువ్వు మంత్రివి అవుతావురా," అని మొత్తం ఊడదీయించాను.

మళ్ళీ కట్టాక ఒక ఉల్లిపాయ పైకి లేచింది. రెండోది వేస్తే మోటారు మూలిగి ఆగిపోయింది.

"దీనికి బలం చాలదు మిస్. పెద్దది కొనండి," అంది దలాల్.

"కొనను. ఉన్న బలంతోనే ఎత్తండి."

ముఖాలు మాడ్చుకుని కూర్చున్నారు. కాసేపు చూసి, తాడు రెండో కొసని కప్పీ మీంచి అటువైపు వేలాడదీసి, దానికి ఇంకో ఉల్లిపాయ కట్టాను. మీట నొక్కమన్నాను. ఈసారి మోటారు మూలగలేదు. రెండు ఉల్లిపాయలూ తాపీగా పైకొచ్చాయి, అటుది తాపీగా కిందికి దిగింది.

దలాల్ మూడుసార్లు పైకీ కిందికీ తిప్పి చూసింది. దాని పెదాలు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు. చివరికి, "ఉల్లిపాయని ఉల్లిపాయే లాగుతోంది మిస్. మోటారు ఊరికే సాయం పడుతోంది," అంది.

ఇలాంటి మాట కోసమే నేను ఈ కొట్టు తెరిచి కూర్చునేది. దాన్ని దగ్గరికి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టాను. చేతులకి నూనె ఉందని అది విదిలించుకుంది.

"లిఫ్టు కూడా ఇంతేనా?"

"ఇంతే. ఒకవైపు మనుషులెక్కే పెట్టె, ఇంకోవైపు ఇనప దిమ్మలు."

"మన లిఫ్టులో కూడానా?"

"అది ఎప్పుడన్నా కదిలితే అందులో కూడా."

మా లిఫ్టు కథ కాస్త చెప్పాలి. దానికి నూనె పోసి, దుమ్ము దులిపి ప్రాణంలా చూసుకున్నది ఫౌకియా భర్త జకీ, రేవులో క్రేన్ల మెకానిక్కు. ఆయన చనిపోయిన నెలకే లిఫ్టు ఆగిపోయింది. మేడ మీది మోటారు గది తెరుద్దామంటే తాళం చెవి లేదు. ఈ మేడ తాళం చెవులన్నీ మూడో అంతస్తు రతీబా దగ్గర ఉండేవి, ఆ ఒక్కటీ ఎక్కడో పోయిందని ఆమె అంది. "పోలేదు, దాచింది," అంది ఫౌకియా, మెట్ల మీద అందరూ వింటుండగా. అంతవరకూ వాళ్ళిద్దరిదీ ఒకే ప్రాణం. ఏటా నిమ్మకాయల కాలంలో ఒకే పీట మీద కూర్చుని కుసుమపువ్వు వేసి నిమ్మకాయలు ఊరబెట్టేవాళ్ళు, ఒక సీసా ఆమెకి, ఒక సీసా ఈమెకి. ఆ మాటతో రతీబా తన బాల్కనీకి దళసరి చారల పరదా కట్టేసింది, పైనున్న మనిషి నీడ కూడా పడకూడదని. మేడ యజమాని తలుపు పగలగొట్టిస్తానన్నాడు. ఈ వారం, వచ్చే వారం అంటూ ఆరేళ్ళు గడిచాయి. కుర్రాళ్ళు మెట్లెక్కడం అలవాటు చేసుకున్నారు, పెద్దవాళ్ళు దిగడం మానేశారు.

అసలు లెక్కకొద్దాం. చక్రం మా నాన్న కుట్టు మిషనుది, తాడు రేవుది, మోటారు మాత్రం పెట్టెలోదే. దలాల్ పట్టుబట్టింది, పెద్దది పెడితే మనం నేర్చుకున్నదేముందని. మోటారు పక్కన స్క్రూలాంటి గేరు బిగించారు, కరెంటు ఆపినా బుట్ట కిందికి జారకుండా. ఎదురు బరువుకి ఇసుక సంచి. బుట్టలో ఏం వేసినా మిత్వల్లీ తరాజులో తూచే వేయాలని యునాన్‌ని బండి దగ్గర కాపలా పెట్టాం.

"బుట్టా, సంచీ ఎక్కడ కలుసుకుంటాయి?" అనడిగాను.

దలాల్ వేళ్ళ మీద అంతస్తులు లెక్కపెట్టింది. "సరిగ్గా మధ్యలో. మూడో అంతస్తు ముందు."

నేను ఒక పని గుట్టుగా చేశాను. సంచిలో రెండు నిమ్మకాయల బరువు ఇసుక ఎక్కువ పోశాను. పిల్లలకి చెప్పలేదు. ఎందుకంటే ఆ బుట్టలో రోజూ రెండు నిమ్మకాయలు ఊరికే వస్తాయి. మిత్వల్లీ ధర్మాత్ముడని ఫౌకియా అతన్ని దీవిస్తూ ఉంటుంది. అవి ఎవరు వేస్తారో వీధిలో అందరికీ తెలుసు. తెలియనిది ఫౌకియాకే.

* * *

శుక్రవారం నమాజు అయి జనం ఇళ్ళు చేరేసరికి మేం బాల్కనీలో ఉన్నాం. చట్రాన్ని గోడకి బిగించింది హుస్నీయే. "బోల్టులు మాత్రం నేను బిగిస్తాను, మీ పిల్లల్ని నమ్మను," అని విసుక్కుంటూనే ఒక్కోదాన్నీ రెండుసార్లు సరిచూశాడు. పందెం ఓడిపోవాలని వాడికి లోపల ఎంత కోరికగా ఉందో అప్పుడే అర్థమైంది నాకు. కానీ అమ్మ గాల్లోకి వంగిన ఆ క్షణం వాడి కళ్ళలోంచి పోలేదు. రాత్రిళ్ళు లేచి బాల్కనీ తలుపు గడియ చూసుకుంటున్నాడని కోడలు చెప్పింది. వాడి భయాన్ని నేను తప్పు పట్టను.

దలాల్ గచ్చు మీద సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గీసి, దానికి ఇవతల వాళ్ళ తేతా కుర్చీ వేసింది.

"ఈ గీత దాటకూడదు తేతా."

"ఇల్లు నాది, బాల్కనీ నాది, గీత నీదా?"

"అవును."

"సరే తల్లీ," అని ఫౌకియా గౌను సర్దుకుని కూర్చుంది. కూర్చుందే గానీ మెడ మాత్రం కొంగలా సాగుతోంది.

హుస్నీ మోటారుని వేలితో తట్టాడు. "అబ్లా, ఈ దోమ బుట్టని లాగుతుందా? మా బోటులో కాఫీ కలిపే చెంచా దీనికన్నా పెద్దది." చిన్నప్పటి నుంచీ నన్ను అబ్లా అంటాడు, అక్కలాంటిదాన్నని.

"నీ బోటు అంత ఓడని లాగుతుంది కదా, ఓడ బరువంతా నీ బోటే మోస్తుందా?"

"నీళ్ళు మోస్తాయి."

"మరి నువ్వు చేసేదేంటి? ఊరికే నెట్టడమేగా. ఇదీ అంతే. కాస్త నోరు మూసుకుని చూడు."

బుట్ట దిగింది, ఎదురుగా ఇసుక సంచి ఎక్కింది. కింద మిత్వల్లీ ఉల్లిపాయలు, టమాటాలు, కొత్తిమీర, రొట్టెలు తూచి వేశాడు. తూచడం వీధంతా చూడాలని ప్రతిదీ చెయ్యెత్తి చూపించాడు.

"మెత్తవి వేస్తాడే, చూడు," అంది ఫౌకియా.

"తేతా, గీత."

"గీత లోపలే ఉన్నానే. నోరు కూడా దాటకూడదా?"

యునాన్ కింద నుంచి రెండుసార్లు ఈల వేశాడు. దలాల్ మీట నొక్కింది. మోటారు సన్నగా పాడింది, చక్రం తిరిగింది, బుట్ట నేల విడిచింది. మొదటి అంతస్తు దాటింది. రెండోది దాటింది. వీధిలో ఎవరో చప్పట్లు కొట్టబోతే ఇంకెవరో ఆపారు. ఫౌకియా ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఆ చేతుల వంకే చూసుకుంటోంది, ఇన్నేళ్ళు తాడు లాగిన చేతులకి ఇప్పుడేం పని చెప్పాలో తెలియనట్టు.

మూడో అంతస్తు దగ్గర మోటారు మూలిగింది. చక్రం ఒక్కసారి వణికి ఆగిపోయింది.

దలాల్ వెంటనే మీట వదిలేసింది. అలాగే నొక్కిపట్టుకుంటే తీగ కాలిపోతుందని దానికి తెలుసు. గేరు పట్టి ఉంచింది కాబట్టి బుట్ట పడలేదు, గాల్లో అలా వేలాడింది. కింద రతీబా పరదా అడ్డం ఉండి పైనుంచి ఏమీ కనబడదు. రెండు నిమ్మకాయలకి ఇసుక పోశాను కదా, మరి ఏమైంది అనుకున్నాను.

"మిస్," యునాన్ అరిచాడు కిందనుంచి. "మూడో అంతస్తు పరదాలోంచి చెయ్యొచ్చింది. పెద్ద సీసా పెట్టేశారు బుట్టలో."

"నోర్ముయ్యరా," అన్నాడు మిత్వల్లీ. మాట మాకందరికీ వినబడింది.

నాకు తల తీసేసినంత పనైంది. పిల్లలకి బరువులన్నీ తూచడం నేర్పాను. కానీ మా వీధిలో గాల్లో వేలాడే బుట్ట ఏ ఒక్కరిదీ కాదు. దారిలో ఉన్నవాళ్ళు అందులోంచి ఒక కొత్తిమీర రెబ్బ తీసుకుంటారు, ఒక గిన్నె పెడతారు, పైవాళ్ళకి ఇవ్వాల్సిన తాళాలు, మందులు పడేస్తారు. చేత్తో లాగే మనిషికి ఆ తేడా తెలియదు. మోటారుకి తెలిసింది. పుట్టి పెరిగిన వీధి అలవాటుని రెండు నిమ్మకాయలతో సరిపెట్టేశాను.

ఫౌకియా లేచి నిలబడింది. ఒక అడుగు వేసింది. చెప్పు కొస సుద్ద గీతని తాకింది. హుస్నీ చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి. దలాల్ కదలకుండా వాళ్ళ తేతా ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. ఫౌకియా గీతని చూసింది, పిల్లని చూసింది. వెనక్కి వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

"చూసి చెప్పవే, ఎవరు?"

"తాంత్ రతీబా," అంది దలాల్ నెమ్మదిగా. మా పిల్లలకి తాంత్ అంటే అత్తయ్య.

"నా బుట్టలో దానికేం పని?"

పైన ఎవరం నోరు విప్పలేదు. కింద యునాన్‌కి మాత్రం ఇందులో దాచాల్సిందేముందో తెలియలేదు. "రోజూ పెడుతుందిగా హజ్జా. నిమ్మకాయలు."

ఫౌకియా గొంతు పెద్దది, వంగకుండానే రేవు దాకా వినబడుతుంది. "మిత్వల్లీ."

"చెప్పండి హజ్జా."

"నిమ్మకాయలు నువ్వు వేసేవాడివి కదూ?"

"నేనేశానని ఎప్పుడన్నా అన్నానా హజ్జా? మీరు దీవిస్తుంటే వద్దనడం మర్యాద కాదని ఊరుకున్నాను."

"నీ పిల్లల్ని పేరుపేరునా దీవించాను కదరా."

"అందుకేగా అందరూ పాసయ్యారు."

జనం గొల్లుమన్నారు. ఫౌకియా నవ్వలేదు. రెండు చేతులతో కుర్చీ పిడులు పట్టుకుని, కాస్త తగ్గిన గొంతుతో, "రతీబా," అని పిలిచింది. ఆ పేరు ఆమె నోట విని ఆరేళ్ళయింది.

పరదా రింగులు కమ్మీ మీద గరగరలాడాయి. "ఏంటి?"

"నిమ్మకాయలు నీవేనా?"

"ఏం, పుల్లగా లేవా?"

"బాగానే ఉన్నాయి."

"తిన్నన్నాళ్ళు తిని ఇప్పుడడుగుతావేం మరి?"

ఫౌకియా గౌను చేతి అంచుతో ముక్కు తుడుచుకుంది. దుమ్ము అని చెప్పింది, ఎవరూ అడక్కుండానే.

హుస్నీ గొంతు సవరించుకున్నాడు. "అదంతా బాగానే ఉంది అబ్లా. కానీ బుట్ట ఆగిపోయింది. చేత్తో లాగితే తప్ప రాదు. మాట మాటే."

నేనేదో అనబోయాను. దలాల్ చెయ్యి చాపి నన్ను ఆపింది. మూడుసార్లు ఉల్లిపాయలు తిప్పి చూసినప్పుడు ఎలా ఉందో దాని ముఖం అలాగే ఉంది. పెదాలు కదులుతున్నాయి. "నాన్నా, తాడు ముట్టుకోకూడదన్నావు. సంచి ముట్టుకోకూడదనలేదు కదా?"

"సంచి ఎక్కడుంది?"

"బుట్ట పక్కనే. సరిగ్గా మధ్యలో." అది కమ్మీల సందులోంచి నోరు పెట్టి అరిచింది. "తాంత్, మీ ముందు ఇసుక సంచి వేలాడుతోందా?"

"నా ముక్కుకి తగులుతోంది."

"మీరు బుట్టలో పెట్టిన సీసా ఎంత బరువో అంత బరువు ఆ సంచిలో వేయండి."

"ఎంత బరువో నాకేం తెలుసే? నా దగ్గర తరాజు లేదు."

"అచ్చం అలాంటి సీసాయే ఇంకోటి ఉంటే చాలు."

"ఉంది," అంది రతీబా. "అది నాది."

ఫౌకియా తలెత్తింది. "రెండు పెట్టావా?"

"ఏటా రెండే పెట్టాను. చేతులు అలాగే అలవాటు పడ్డాయి, ఏం చెయ్యను? నీ సీసా అలమారలోనే ఉండి ఉండి పాడైపోయేది. ఈసారి వెళ్ళిపోతున్నారన్నారు. అజమీలో ఎవరు పెడతారు నీకు?"

ఈ ఇద్దరు మొండి మనుషుల్నీ పట్టుకుని కుదపాలనిపించింది నాకు, ఆ వెంటనే వాటేసుకోవాలనిపించింది. కింద రతీబా లోపలికెళ్ళిన అడుగుల చప్పుడు, మళ్ళీ వచ్చిన చప్పుడు. సంచి కాస్త ఊగింది, తాడు బిగిసింది.

"వేశాను."

దలాల్ మీట నొక్కింది. మోటారు ఒక్క క్షణం తటపటాయించింది, తర్వాత మొదటిలాగే సన్నగా పాట అందుకుంది. ఒక సీసా కిందికి, ఒక సీసా పైకి. నాలుగు, ఐదు. బుట్ట పిడి కమ్మీల అంచు దాటి పైకి రాగానే వీధంతా చప్పట్లు. యునాన్ కింద రతీబా సీసాని ఒడిలోకి తీసుకుని పసిబిడ్డలా పట్టుకున్నాడట, తర్వాత తెలిసింది.

హుస్నీ బుట్టని చూడటం లేదు. గచ్చు మీది గీతని చూస్తున్నాడు, దానికి ఇవతల ఉన్న వాళ్ళమ్మ పాదాల్ని చూస్తున్నాడు.

"అమ్మా, నువ్వు వంగలేదు."

"పిల్ల గీత గీసింది కదరా."

"లోపల ప్రాణం కొట్టుకుంటోంది చూడాలని, నాకు తెలుసు. అయినా వంగలేదు."

"నువ్వు చెప్పినన్నాళ్ళూ అది భయంలా వినబడింది. ఇది చెప్పింది కాబట్టి పనిలా వినబడింది," అంది ఫౌకియా.

హుస్నీ చాలాసేపు తల గోక్కున్నాడు. తర్వాత, "అజమీ వాళ్ళకి ఫోన్ చేసి వద్దని చెబుతాను," అన్నాడు, ఏదో కూరల సంగతి చెబుతున్నట్టు. దలాల్ నూనె చేతులతోనే వాడి మెడకి వేలాడింది. నాకు ఏడుపొచ్చింది. బాల్కనీ మూలకి తిరిగి తాడు ముడి సరిచూస్తున్నట్టు నటించాను. అప్పటికే బిగిసి ఉన్న ముడిని మళ్ళీ బిగించాను.

* * *

ఇక్కడితో ఈ వారం కథ అయిపోవాల్సింది. బుట్ట ఖాళీ చేయకుండా ఉంటే అయిపోయేదే.

ఫౌకియా సీసాని ఒళ్ళో పెట్టుకుని, మూత తిప్పి వాసన చూసి, ఉప్పు తక్కువేసిందని ఒక వంక పెట్టి, దలాల్‌ని కూరలు తీయమంది. ఉల్లిపాయలు, టమాటాలు, రొట్టెలు. కొత్తిమీర కట్ట కింద తెల్ల రుమాలు మూట ఒకటి ఉంది. మేం తూచిన వాటిలో అది లేదు.

దలాల్ ముడి విప్పింది. లోపల అరచెయ్యంత పొడవు ఇనప తాళం చెవి. తుప్పు లేదు. ఎవరో ఏటా నూనె రాసి దాచినట్టు నల్లగా మెరుస్తోంది.

"ఇది లిఫ్టు మోటారు గదిది," అన్నాడు హుస్నీ. "పని మీద పైకెళ్ళినప్పుడల్లా నాన్న మొలతాడుకి వేలాడేది. నాకు గుర్తుంది."

దలాల్ కళ్ళు పెద్దవయ్యాయి. "పైన ఇంకా పెద్ద మోటారుందా మిస్?"

ఫౌకియా ముఖం చూస్తున్నాను. దాచిందన్న మాట అక్షరాలా నిజమని రుజువుగా దలాల్ ఆ తాళం చెవి ఆమె చేతిలో పెట్టింది. ఇన్నాళ్ళు ఆ నిజం కోసమే పళ్ళు కొరికింది. అది దొరికిన పూటే ఆమె ఒళ్ళో రతీబా సీసా ఉంది. కోపం తెచ్చుకుందామన్నా ఎక్కడ పెట్టుకోవాలో తెలియని ముఖం అది.

"పోయిందన్నావు కదే," అంది వీధి వైపు. గొంతులో వేడి లేదు.

"పోలేదు. దాచాను," అంది రతీబా కింద నుంచి. "ఎందుకో నడివీధిలో చెప్పను. నేనే పైకొస్తున్నాను."

"ఆ మోకాళ్ళతో మూడు అంతస్తులా?"

"నీవి కూర్చునే ఉన్నాయిగా. నావి ఎక్కుతాయి."

తలుపు వేసిన చప్పుడు. మెట్ల మీద చెప్పులు. నాలుగో అంతస్తు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకున్నాయి. ఐదో అంతస్తు దగ్గర ఇంకాసేపు ఆగాయి. హుస్నీ ఎదురెళ్ళబోతే ఫౌకియా వద్దని చెయ్యి ఊపింది. సీసా దలాల్‌కి ఇచ్చి తనే లేచింది. గోడ పట్టుకుని, కుర్చీ పట్టుకుని, సుద్ద గీతకి వీపు పెట్టి, గుమ్మం దాకా నడిచింది. తలుపు తనే తీసింది.

రతీబా గుమ్మంలో నిలబడి ఉంది, చెమటతో, తలకి కట్టిన గుడ్డ పక్కకి జారి. ఆమె లోపలికి అడుగు పెట్టలేదు.

"ముందు ఇది విను, తర్వాత రమ్మంటావో పొమ్మంటావో నీ ఇష్టం. ఆ తాళం చెవి నా చేతిలో పెట్టింది నీ జకీయే. పోయే ముందు వారం. ఆ గది ఎవరికీ తెరవకు, ఫౌకియాకైతే అసలే తెరవకు అని ఒట్టు వేయించుకున్నాడు."

హుస్నీ నా వంక చూశాడు. నేను నేల వంక చూశాను. ఫౌకియా తాళం చెవిని గుప్పిట్లో మూసి, రెండో చేత్తో రతీబా తలగుడ్డ సరిచేసింది.

"లోపలికి రా. ముందు మంచినీళ్ళు తాగు," అంది. "తర్వాత ఆయన్ని ఇద్దరం కలిసి తిడదాం. ఆ తర్వాత పైకెళ్ళి తలుపు తీద్దాం."